కన్యకమ్మ నవ్విన ఇల్లు

“మీ అమ్మ కాఫీలో చక్కెర ఎంతేసుకునేదిరా?”

సుధీర్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆగిపోయాడు. లేచినప్పటి నుంచి తండ్రిది ఇదే ప్రశ్న. మాధవయ్య వంటింటి గడప దగ్గర నిలబడి ఉన్నాడు. ఒంటి మీద బనీను, భుజాన తువ్వాలు, చేతిలో చల్లారిపోయిన కాఫీ గ్లాసు.

“రెండు చెంచాలు నాయనా. ఇప్పుడెందుకది?”

“రెండా?” మాధవయ్య కోడలి వైపు తిరిగాడు. “నువ్వు చెప్పు కావ్యా.”

కావ్య పొయ్యి మంట తగ్గించింది. “అత్తమ్మ షుగరొచ్చినాక చక్కెర మానేసింది కదా మామా. మన నంద్యాలకు వచ్చినప్పుడల్లా ఉత్త కాఫీనే ఇస్తాంటి.”

“వాడు రెండంటాడు. నువ్వు అసలే లేదంటావు. ఎవురి మాట నమ్మల్ల?”

ఆ గొంతులో కోపం లేదు. అదే కావ్యను కంగారుపెట్టింది. భార్య పోయాక ఆళ్లగడ్డలో స్టీలు సామాన్ల అంగడి మూసేసి, కొడుకింటికి వచ్చి ఏడాది కావస్తోంది. ఈ ఏడాదిలో మామ కోపం లేకుండా మాట్లాడిన మాట ఆమెకు గుర్తు లేదు. పాలు పల్చగా ఉన్నాయని కోపం. పక్కింటివాళ్ల స్కూటర్ గేటుకు అడ్డంగా ఉందని కోపం. ఫ్యాను చప్పుడు చేస్తోందని కోపం. కన్యకమ్మ పోయిన బాధ అట్లా బయటికి వస్తోందని ఇంట్లో అందరూ సర్దుకుపోయారు.

ఆ బాధ కొంచెం కరుగుతుందేమోనని నిన్న ఆదివారం సాయంత్రం కావ్యే ఆయన్ను టీవీ ముందు కూర్చోబెట్టింది. ఏదో మంచు దేశపు సినిమా, తెలుగు మాటలు పెట్టారు. వీధిలో అందరి మీదా అరిచే ముసలాయన. భార్య పోయింది. కొట్టంలో ఆమె సైకిలు తుప్పు పట్టిపోతుంటుంది. పక్కింట్లో కొత్తగా దిగిన అమ్మాయి వచ్చి ఆ సైకిలు ఇమ్మని అడుగుతుంది. ముందు కసురుకుంటాడు. తర్వాత బాగు చేసిస్తాడు. చివరికి తనే ఎక్కి సముద్రం ఒడ్డున నవ్వుకుంటూ తొక్కుతాడు. కావ్య కళ్లు తుడుచుకుంది. సుధీర్ కూడా బాగుందన్నాడు. మాధవయ్య మాత్రం తెర నల్లబడే దాకా కదలకుండా కూర్చుని, “ఆయనకు అన్నీ తెల్సు,” అని లేచిపోయి పడుకున్నాడు.

ఏం తెలుసో ఎవరికీ అర్థం కాలేదు.

“ఆ ముసలోడు ఆ పిల్లకు చెప్పల్యా?” అన్నాడు మాధవయ్య ఇప్పుడు. “నా పెళ్లాం వాన పడితే చక్కెర లేకుండా తాగేది, ఎండ కాస్తే రెండు చక్కెర బిళ్లలు వేసుకునేది అని. అన్నీ చెప్పె. నాకు ఒగటీ తెల్దు. దాంతో ముప్పై ఏండ్లకు పైగా సంసారం చేసినా.”

“అది సినిమా నాయనా.”

“శ్రీజకు ఫోన్ చెయ్యి.”

శ్రీజ సుధీర్‌కు చెల్లెలు. అనంతపురంలో ఉంటుంది. సుధీర్ విసుగ్గానే కలిపి స్పీకర్ పెట్టాడు. తండ్రి అడిగింది విని ఆమె నవ్వింది.

“అమ్మ కాఫీ యాడ తాగింది నాయనా? మీకందరికీ కలిపిచ్చి గిన్నె కడుక్కునేది. ఆమెకు టీ అంటే ప్రాణం. రోజూ మధ్యాన్నం ఎదురింట్లో ఎలిజబెత్ టీచర్ దగ్గరికి పోయి…”

మాట అక్కడే తెగింది. శ్రీజకు తానేమన్నదో అప్పుడు తెలిసినట్టుంది. “నేను మళ్లీ చేస్తా,” అని పెట్టేసింది.

కావ్య పొయ్యి ఆపేసింది.

ఎలిజబెత్ టీచర్ పేరు ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆమె ఆళ్లగడ్డలో ఇల్లు కట్టుకున్న కొత్తలో మిద్దె మీది వాననీళ్లు మాధవయ్య వాకిట్లో పడ్డాయి. ఆయన వీధంతా వినేట్టు అరిచాడు. ఆమె గొట్టం తిప్పించింది. అయినా ఆయన కోపం తిరగలేదు. ఆ గడప తొక్కితే తన గడప తొక్కొద్దని పెళ్లాంతో అన్నాడు. కన్యకమ్మ సరేనని తలూపింది. ఆ గొడవ జరిగి చాలా ఏళ్లయింది. ఆమె ఆ మాట మీదనే ఉందని ఆయన ఈ పొద్దు వరకూ నమ్మాడు.

“రోజూ పోయేదంట,” అన్నాడు మాధవయ్య మెల్లగా. ఎవరితో అన్నాడో తెలియలేదు.

గదిలోకి వెళ్లాక సుధీర్ భార్య మీద విరుచుకుపడ్డాడు. గొంతు తగ్గించే అన్నాడు గానీ తలుపు తెరిచే ఉంది.

“ఆ సినిమా ఎందుకు చూపిచ్చినావు నువ్వు?”

“మనిషి మారతాడేమోనని.”

“మారినాడు కదా? పొద్దున్నుంచి పోలీసోళ్ల మాదిరి అడుగుతాండాడు. ఉన్నట్టుండనీకుండా నీకెందుకు ఇయ్యన్నీ?”

“ఆయన మాట్లాడతాండాడు సుధీర్. ఇన్ని దినాల్లో ఒగ మాట అడిగినాడా మనల్ని?”

“దీన్ని మాట్లాడడమంటారా? నీకు అర్థం కాదులే. నువ్వు గమ్మునుండు.”

కావ్య గమ్మునుంది. పెళ్లయిన కొత్తలో ఈ మాటకు ఎదురు చెప్పేది. తర్వాత ఏడ్చేది. ఇప్పుడు ఆ మాట అయిపోయేదాకా దుప్పటి మడత పెట్టుకుంటూ ఉంటుంది. అలవాటైంది.

సుధీర్ విత్తనాల అంగడి తెరవడానికి బయలుదేరుతూ వాకిట్లో చెప్పుల జత దగ్గర ఆగాడు. తండ్రి అప్పటికే చొక్కా తొడుక్కుని చెప్పులు వేసుకుంటున్నాడు.

“యాడికి నాయనా?”

“ఆళ్లగడ్డకు.”

“ఎందుకు?”

“అడిగొస్తా.”

“ఎవుర్ని? ఆ టీచరమ్మనా? ఇన్నేండ్లు మొగం చూడకుండా ఉండి ఇప్పుడు పోయి చక్కెర సంగతి అడుగుతావా? నవ్విపోతారు. లోపలికి రా.”

మాధవయ్య గేటు తీసుకుని నడవడం మొదలుపెట్టాడు. సుధీర్ భార్య వైపు చూసి, “నువ్వు చేసిన పనికి నువ్వే పో. సాయంత్రానికి ఇంట్లో ఉండల్ల ఇద్దరూ,” అని బండి తీశాడు.

*

బస్సులో కిటికీ పక్క సీటు మామకిచ్చి కావ్య పక్కన కూర్చుంది. నంద్యాల ఊరు దాటి, బస్సు శిరివెళ్ల దాకా వచ్చింది. బయట నల్లరేగడి చేలల్లో శనగ పచ్చగా లేస్తోంది. ఆయన చూపు దాని మీద లేదు.

“కావ్యా, ఒగటి అడుగుతా చెప్పు. ఆ సినిమా ముసలోడు పెళ్లాం పోయినాక కోపిష్టోడయినాడా, ముందు నుంచీ అంతేనా?”

“ఆమె ఉన్నప్పుడు మంచిగానే ఉన్నాడు కదా మామా. డాన్సు చేసినారు, పండ్ల తోటకు పోయినారు… అదంతా చూపిచ్చినాడు కదా. ఆమె పోయినాకనే అట్లయినాడు.”

“అదే నాకు పొసగడంల్యా.” ఆయన ముందు సీటు కమ్మీ పట్టుకున్నాడు. “మీరంతా ఏమనుకుంటాండారు? కన్యకమ్మ పోయినందుకు నేనిట్లయినానని కదా?”

అందరూ అనుకుంటున్నది అదే.

“నేను ముందు నుంచీ ఇట్లనే ఉంటి. అది ఉన్నప్పుడూ ఇట్లనే. ఇంకా ఎక్కువ గూడా. ఇప్పుడు అరిస్తే మీరు సర్దుకుంటాండారు, పాపం పెళ్లాం పోయిందని. అప్పుడు ఏ సాకూ లేకుండానే అరుస్తాంటి.”

కండక్టర్ టికెట్ల కోసం వచ్చి వెళ్లాడు. కావ్య టికెట్లు మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. ఓదార్చే మాటలు కొన్ని ఉంటాయి. అవన్నీ భార్యను ప్రేమించిన మొగుడి కోసం తయారుచేసి పెట్టినవి. ఈ మనిషికి ఏవి చెప్పాలి?

“మీకు అత్తమ్మంటే ఇష్టమే కదా మామా,” అంది చివరికి.

“అది లేకపోతే నాకు దినం జరగడంల్యా. తెల్లారితే దాని పేరే నోటికొస్తాది. అది ఇష్టమా, అలవాటా అని రాత్రంతా ఆలోచన చేసినా. తెల్దు.” కొంచెం ఆగి, “నీకేమైనా తెల్సా, ఆ రెండూ ఎట్ల విడదీసి చూడల్లో?” అన్నాడు.

ఆయన నిజంగానే అడుగుతున్నాడు. కావ్య తల అడ్డంగా ఊపింది. ఆ ప్రశ్న మామది మాత్రమే కాదేమోనని అనిపించి, చీర కొంగు సర్దుకుని కిటికీ బయటికి చూసింది. ఆళ్లగడ్డ వచ్చేసినట్టుంది. రోడ్డు పక్క రేకుల షెడ్ల ముందు సగం చెక్కిన విగ్రహాలు నిలబడి ఉన్నాయి. రాతి దుమ్ములో ఉలి చప్పుడు బస్సులోకి వినిపించింది.

*

వీధిలోకి వచ్చాక మాధవయ్య తన ఇంటి వైపు చూడలేదు. తాళం వేసిన ఆ తలుపుకు వీపు పెట్టి, ఎదురింటి గేటు ముందు నిలబడ్డాడు. గొళ్లెం మీద చెయ్యి పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు.

“నేను పిలుస్తా మామా,” అంది కావ్య.

పిలవాల్సిన పని లేకపోయింది. లోపలి నుంచి ఒక పెద్దామె అద్దాలు సర్దుకుంటూ వచ్చింది. తెల్లజుట్టు ముడి, నేత చీర. రిటైరయి ఏళ్లు గడిచినా మనిషి ఇంకా తరగతిలోకి వస్తున్నట్టే నడుస్తుంది. గేటు అవతల ఎవరున్నారో చూసి ఆగింది.

“మాధవయ్యన్నా?”

“టీచరమ్మా,” అన్నాడు ఆయన. “ఒగ మాట అడిగి పోదామని వచ్చినా. లోపలికొద్దంటే ఈడనే అడుగుతా.”

ఎలిజబెత్ గేటు తీసింది. “రాండి. ఈ పాప మీ కోడలు కదా? పెండ్లి ఫోటోలో చూసినా. కన్యకమ్మ తెచ్చి చూపిచ్చింది.”

వసారాలో కుర్చీలు వేసింది. మాధవయ్య అంచున కూర్చున్నాడు.

“కన్యకమ్మ ఈడికి వచ్చేదా?”

“వచ్చేది.”

“రోజూనా?”

“మీరు అంగట్లోనే అన్నం తిని కునుకు తీసే టైముకు వచ్చేది. మొదట్లో బడి లేని దినాల్లోనే. నేను రిటైరయినాక రోజూ.” ఆమె దాచలేదు, సమర్థించుకోలేదు. “అల్లం దంచేసి, బెల్లంతో టీ పెడతాంటి. రెండు గ్లాసులు తాగేది.”

“బెల్లంతోనా?”

“బెల్లంతోనే.”

చక్కెర గురించి కొడుకూ కోడలూ చెప్పిన రెండు మాటలూ తప్పయ్యాయి. మాధవయ్య ఆ సంగతి గమనించాడో లేదో కావ్యకు తెలియలేదు. ఆయన ఇంకేదో ఆలోచిస్తున్నాడు.

“ఈడ ఏం చేసేది?”

“ఏం చేస్తుందన్నా? మాట్లాడేది. నవ్వేది.”

“నవ్వేదా?” ఆయన నుదురు ముడిపడింది. తన ఇంట్లో కన్యకమ్మ నవ్విన సందర్భం కోసం వెతుకుతున్నట్టు కళ్లు మూసి తెరిచాడు. “దేనికి నవ్వేది?”

ఎలిజబెత్ ఇబ్బందిగా కావ్య వైపు చూసింది.

“చెప్పు టీచరమ్మా. దానికే వచ్చినా.”

“మీ మాదిరి మాట్లాడి చూపిచ్చేది.”

“నా మాదిరా?”

“అంగట్లో మీరు ఎట్ల మాట్లాడతారో. కొంగు భుజాన ఏసుకుని, నడుం మీద చెయ్యి పెట్టి…” ఎలిజబెత్ తనకు తెలియకుండానే లేచి నిలబడింది. గొంతు బరువు చేసింది. “‘ఆ బిందె కింద పెట్టమ్మా! కొనేదానివా, మొగం చూసుకుని పోయేదానివా? అద్దం అంగడి అవతల ఉంది!’”

కావ్య నవ్వేసింది. ఆపుకుందామన్నా ఆగలేదు. అచ్చం మామే. మరుక్షణం భయపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆయన వైపు చూసింది.

మాధవయ్య ముఖంలో ఏముందో చెప్పడం కష్టం. పెదవులు ఒక వైపు లాగాయి. “అట్లనే అంటాంటి,” అన్నాడు. “సరిగ్గా అట్లనే.” తర్వాత, “నేను లేనప్పుడు నన్నే నవ్వుకునేదన్న మాట,” అన్నాడు. అది బాధో, సంబరమో ఆయనకే తేలనట్టుంది. “మళ్లీ ఒగసారి చూపియ్యి.”

ఎలిజబెత్ మళ్లీ చూపించలేదు. కూర్చుంది. అద్దాలు తీసి కొంగుతో తుడిచింది.

“ఇంకో మాట ఉందన్నా. చెప్పాల్నో వద్దో నాకు తెలీడం లేదు.”

“చెప్పు.”

“మీరు అంగడి మూసేసి నంద్యాలకు, కొడుకు దగ్గరికి పోదామనుకుంటిరి కదా, ఆమె ఉన్నప్పుడే.”

“అవు. ఇద్దరం పోవల్లనుకుంటిమి.”

“ఆమె పోకూడదనుకుంది.” ఎలిజబెత్ నేల చూస్తూ చెప్పింది. “మా వెనక గది ఖాళీగా ఉంది. అది అడిగింది. మీరు నంద్యాలలో ఉండేట్టు, తాను ఈడ ఉండేట్టు. మీకు చెప్తానంటా ఉండె. ఈ పొద్దు చెప్తా, రేపు చెప్తా అనింది. అంతలో జరమొచ్చె. ఆస్పత్రికి పోయింది. మళ్లీ రాలేదు.”

కావ్య మామ చెయ్యి పట్టుకుందామనుకుంది. ఎప్పుడూ పట్టుకోలేదు గనక ఎట్లా పట్టుకోవాలో తెలియలేదు.

“నన్ను ఒదిలేద్దామనుకుందా?”

“ఒదిలేసేది కాదన్నా. ఆ మాట అనలేదు. కొన్ని దినాలు ఎవరూ ఏమీ అనకుండా ఉండల్లనింది.”

“నా మీద అంత కోపమా దానికి?”

“కోపం లేదు. నేనూ అదే అడిగినా. కోపం ఎప్పుడో పోయింది టీచరమ్మా, ఊరికే యాష్టగా ఉంది, అనింది.”

యాష్ట. విసిగి విసిగి అలిసిపోవడం. ఆ మాట విన్నాక మాధవయ్య లేచాడు. “ఆ గది చూడొచ్చునా?” అని అడిగాడు.

చిన్న గది. నవారు మంచం, గోడకు ఒక కొయ్య, సందులోకి తెరుచుకునే కిటికీ. ఆ సందు చివర ఆయన ఇంటి వాకిలి కనిపిస్తోంది. ఇంత దూరం నుంచి, ఈ వైపు నుంచి ఆయన తన ఇంటిని ఎప్పుడూ చూడలేదు. తలుపు ఇంత చిన్నదా అనుకున్నాడు. ఆమె అక్కడి నుంచి ఇక్కడికి, చూసుకుంటూ, వీధి దాటి, తొందర తొందరగా… ఆ నడక ఊహకు తెచ్చుకోబోయాడు. కన్యకమ్మ తొందరగా నడవడం ఆయనకు తెలియదు. ఊహ రాలేదు.

ఆ సినిమా ముసలాయనకు దొరికింది ఒక సైకిలు. బాగు చేస్తే నడిచింది. తనకు దొరికింది ఒక గది. పెళ్లాం తన నుంచి దూరంగా ఉండాలని అడిగిన గది. దీన్ని ఏం చేయాలి? మంచం మీద కూర్చోవడానికి కూడా ఆయనకు ధైర్యం చాలలేదు.

బయటికొచ్చేసరికి కావ్య వసారా మెట్టు మీద కూర్చుని ఉంది. చేతిలో ఫోన్. సుధీర్ నుంచి వచ్చిన కాల్స్ తెరనిండా ఉన్నాయి. ఆమె వాటిని చూస్తోంది గానీ తిరిగి చేయడం లేదు.

మాధవయ్య ఆమె పక్కనే మెట్టు మీద కూలబడ్డాడు.

“పొద్దున వాడు నీమీద అరుస్తాంటే విన్నా,” అన్నాడు. “గొంతు నాదే. మాట గూడా నాదే. వానికి నేను నేర్పలా. చూసి నేర్చుకున్యాడు.”

“ఆయన మంచోడే మామా.”

“నేను గూడా మంచోడినేనంట. అందరూ అంటాండారు.” ఆయన కోడలి ముఖంలోకి చూశాడు. బహుశా ఆమె ఆ ఇంటికి వచ్చాక ఇదే మొదలు. “నీకు గూడా అట్లనే ఉందా అమ్మా? యాష్టగా?”

లేదు మామా అనాలి. ఆ మాట నాలుక దాకా వచ్చింది. అంత చిన్న మాట. రోజూ ఎంతమందితో, ఎన్నిసార్లు అంటుంది. కావ్య నోరు తెరిచింది. మాట రాలేదు. రాకపోవడం చూసి ఆమే భయపడింది. తనకు ఇది ఎప్పటి నుంచి ఉందో, ఈ పొద్దే పుట్టిందో, నిన్నటి సినిమాకు కళ్లు తుడుచుకున్నప్పుడు ఏడ్చింది ఎవరి కోసమో, ఏదీ తేలలేదు.

చేతిలో ఫోన్ మళ్లీ మోగింది.

“నేను మాట్లాడనా?” అన్నాడు మాధవయ్య.

కావ్య తల ఊపి ఫోన్ ఇచ్చింది. ఆయన దాన్ని చెవికి పెట్టుకున్నాడు. “ఆ, సుధీరూ…” అని ఆగిపోయాడు. అవతల సుధీర్ గొంతు పెద్దగా వినిపిస్తోంది. యాడున్నారు, ఎన్నిసార్లు చెయ్యాల, ఆమెకు బుద్ధుందా. మాధవయ్య ఏదో చెప్పబోయి, కోడలి వైపు చూశాడు. కొడుకుతో అరవడం తప్ప ఇంకో విధంగా ఎట్లా మాట్లాడాలో ఆయన ఎన్నడూ నేర్చుకోలేదు.

కావ్య చెయ్యి చాపి ఫోన్ తీసుకుంది.

“నేనే,” అంది.

“బస్సెక్కినారా? ఎంతసేపటికి వస్తారు?”

“మామను ఎవరో ఒకరితో పంపిస్తా, వస్తానంటే.”

“మరి నువ్వు?”

“నేను ఈ పొద్దు రావడం లేదు. ఈడనే ఉంటా.”

అన్నాక గానీ ఆమెకు తానేమన్నదో తెలియలేదు. అవతలి నుంచి రాబోయే అరుపు కోసం భుజాలు బిగించుకుంది. పక్కన మామ కూడా బిగుసుకున్నాడు. గుమ్మంలో ఎలిజబెత్ నిలబడిపోయింది.

అరుపు రాలేదు. అంగట్లో మనుషుల చప్పుడు కొంచెం కొంచెంగా దూరమైంది. సుధీర్ ఫోన్ పట్టుకుని పక్కకు నడిచినట్టున్నాడు. తర్వాత ఆమె ఈ పెళ్లిలో ఎన్నడూ వినని గొంతు ఒకటి, చిన్నగా, అడిగింది.

“ఎందుకు కావ్యా?”

అరుపుకు గమ్మునుండడం ఆమెకు అలవాటు. ఈ గొంతు అలవాటు లేదు.